కంచం మీద చెయ్యి

అన్నం చాలనిపిస్తే కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టడం మా బాబాయి అలవాటు. కొల్లేటికోటలో పిన్ని చేపల పులుసు మారు వడ్డిస్తుంటే అలాగే నవ్వుతూ ఆపేవాడు. ఆవిడ ఆయన వేళ్ళ సందులోంచి ఒక ముక్క జారవిడిచేది.

ఊపిరితిత్తులు చెడి ఆయన ఏలూరులో వెంటిలేటరు మీదున్నప్పుడు, బతికితే ఈస్టరు ముందు శ్రమదినాలన్నీ పొద్దుగూకేదాకా ముద్ద ముట్టనని పిన్ని మొక్కుకుంది. బతికాడు. ఎముకల గూడై ఇంటికొచ్చాడు. "గుడ్డు, చేప బాగా పెట్టండి, రోజూ నడిపించండి, కండ పట్టాలి" అని చెప్పి పంపారు డాక్టరుగారు. మొక్కు సంగతి వినగానే, తన ప్రాణం కోసం మొక్కింది తానే తీర్చాలని బాబాయి ఉపవాసం పట్టాడు.

పాస్టరుగారు వచ్చి, "జబ్బు మనిషికి ఉపవాసం లేదండీ" అన్నారు.

"జబ్బు తగ్గించినందుకే కదండీ ఉంటున్నాను" అన్నాడు బాబాయి.

దేవుడు బతికించింది పస్తులుండడానికా అని నాకు ఒళ్ళు మండేది. చెరువు గట్టు మీద నడక గుమ్మం దాకా, ఆపైన మంచం దాకా కుదించుకుపోయింది. మధ్యాహ్నం పిన్ని తెచ్చిపెట్టే కంచం మీదికి చెయ్యి మాత్రం వచ్చేది. ఆ వేళ్ళ సందుల్లో ఇప్పుడు బోలెడు చోటుంది. జారవిడిచే ధైర్యమే పిన్నికి లేదు.

ఒకరోజు చెయ్యి అడ్డం రాలేదు.

"ఇవాళ ఒప్పుకున్నారు, చూడు!" అంటూ పిన్ని గబగబా ముద్ద కలిపింది.

నేను ఆ చెయ్యి వంకే చూస్తున్నాను. అది లేవడానికి తంటాలు పడుతోంది.