నాడి అయిపోయాక

కె.జి.ఎఫ్.లో ఎండాకాలపు గాలి సైనైడ్ దిబ్బల మీదుగా వస్తుంది. బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి కొండలవి. నిన్న కాలేజీ మెట్లెక్కుతుంటే ఆ పిండి పళ్ల మధ్య కరకరలాడింది. ఒక్క గుక్కలో అర కొండ మింగి ఉంటాను. దగ్గు ఆగగానే నా కుడిచెయ్యి ఎడమ మణికట్టును వెతుక్కుంది. ఆ అలవాటు విశాలాక్షమ్మగారు పెట్టింది.

గౌనిపల్లి రాగిచేల నుంచి వచ్చి, వార్డు నర్సుగా మొదలై, ప్రొఫెసరై, చివరికి మా నర్సింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయిన మనిషి ఆవిడ. ప్రిన్సిపాల్ కుర్చీకి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఆవిడ రిటైరయ్యే నాటికీ కొత్తగానే ఉండేది. కూర్చుంటే కదా! పొద్దున్నే వార్డులో ఉండేవారు. ఆ చెప్పుల చప్పుడుకి రోగులు తమ దుప్పట్లే కాదు, పక్క మంచాలవి కూడా సర్దేవారు.

నేను రెండో సంవత్సరం చదువుతుండగా ఒకరోజు పన్నెండు మంచాల చార్టుల్లోనూ ఊపిరి నిమిషానికి ఇరవై అని వరసగా రాసేశాను. ఒక్కరి ఛాతీ వంకా చూడలేదు. ఆవిడ అన్నీ చదివి చివరి మంచం దగ్గర ఆగారు.

"ఏమప్పా, పన్నెండు మందీ కలిసి కవాతు చేస్తావుండారా?"

ఆ మంచం మీద మునియప్ప దిండును కావలించుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు గనిలో రాయి తొలిచి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్న ముసలాయన. ఆవిడ నా వేళ్లను ఆయన మణికట్టు మీద పెట్టి గడియారం చూడమన్నారు. నిమిషం అయ్యాక తీయబోతే అదిమి పట్టి, కళ్లతో ఆయన ఛాతీ చూపించారు. లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. పెదవులు నీలంగా ఉన్నాయని అప్పుడు చూశాను. వెంటనే ఆక్సిజన్ పెట్టారు, డాక్టరు పరుగున వచ్చారు. ఇంకో గంట నా ఇరవైని నమ్ముకుని ఉంటే ఆయన దక్కేవాడు కాదని డాక్టరు ఆవిడతో అనడం విన్నాను.

కాలేజీ నుంచి పంపేస్తారనుకుని హాస్టల్లో సంచి సర్దుకున్నాను. ఆవిడ వరండాలోకి పిలిపించారు.

"నీకు అబద్ధం బాగా వస్తాదప్పా. మన పనిలో ఒక్క అబద్ధానికే చోటుండాది. ఊపిరి లెక్కపెడతావుండామని తెలిస్తే రోగి ఊపిరి మారిపోతాది. అందుకే నాడి అయిపోయినా చెయ్యి వదలద్దు. ఇంకా నాడే చూస్తావుండావని నమ్మించు. రాసేది మాత్రం చూసిందే రాయి. ఇంగ పోయి ఆ సంచి విప్పు."

ఆవిడ బతికిన చివరి వారంలో వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి నేనూ అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కొత్త పిల్లల కథలు ఒకటికి పది చేసి చెబుతూ ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నిమిషం దాటినా వదల్లేదు.

"నాడి ఎప్పుడో అయిపోయింది. నాకాడనే నాటకమా? ఎంతప్పా?"

ఇరవై అనేయాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"ముప్పై ఆరమ్మా."

"సరిగ్గా చూసినావు," అని కళ్లు మూసుకున్నారు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నిన్న నేను మింగింది అర కొండ కాదు, చిటికెడు దుమ్మే. ఆ కుర్చీ కవరు కూడా ఒక మూల చిరిగే ఉండేది. ముప్పై ఎనిమిదీ, ముప్పై ఆరూ మాత్రం నేను లెక్కపెట్టినవి.