వాన పడితేనే ఒప్పుకుంటానన్నాను

మా సంఘంలో ఎవరికైనా ఒక పని ఇష్టం లేకపోతే "ప్రార్థన చేసి చెప్తాం" అంటారు. వినేవాళ్ళు తలూపి వెళ్ళిపోతారు. కాదనడానికి అదొక మర్యాదైన దారి. ముప్పై ఆరేళ్ళ వయసులో నేను ఆ మాట అన్నప్పుడు మాత్రం ఎదుటి మనిషి తలూపలేదు. "ఎన్ని దినాలు చేస్తావు?" అని అడిగింది.

ఆమె మా పాస్టరమ్మ. మాది గుంతకల్లు. నాయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను డిగ్రీలో ఉండగానే అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అప్పటికి మా ఇంటికి సంబంధాలు రావడం ఆగిపోయి నాలుగేళ్ళు. నాయనకూ నాకూ అదే అలవాటై హాయిగానే ఉంది.

ఆ సంబంధం మొదలైంది కోతల పండుగ నాడు. ఆ రోజు అందరూ తమ పంటలో తొలి భాగం చర్చికి తెస్తారు. మా వైపు పంటంటే నాలుగు మూటల వేరుశనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఒకటో రెండో మేకలు. ఆ ఏడు పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా ఒక మేకపోతు తాడు తెంపుకుంది. మెట్లెక్కి, మైకు ముందు నిలబడి, గొంతెత్తి అరిచింది. ముందు వరసలో కళ్ళు మూసుకున్న ఒక ముసలమ్మ భక్తిగా "ఆమేన్" అంది.

పట్టుకోబోయిన పెద్దలు ఒకరినొకరు గుద్దుకున్నారు. అంతలో మగవాళ్ళ వైపు నుంచి ఒకాయన లేచాడు. తొందర లేకుండా నడిచి, దాని చెవి వెనక గోకి, కన్నడంలో ఏదో చెప్పాడు. మేక ఆయన వెంట బుద్ధిగా బయటికి నడిచింది. నాకు నవ్వు ఆగలేదు. చెంగు నోట్లో కుక్కుకుని పక్క తలుపులోంచి పరిగెత్తి, గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆయన అక్కడే మేకను గుంజకు కడుతున్నాడు.

"రోంత మెల్లగా నవ్వండి మేడం. కిటికీ తెరిచుండాది," అన్నాడు. అంటూ తనే నాకంటే గట్టిగా నవ్వాడు.

ఆయనది కర్ణాటక సరిహద్దులోని గుమ్మఘట్ట అనీ, అక్కడి పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాడనీ, పాస్టరమ్మకు దూరపు బంధువనీ, భార్య చనిపోయి ఆరేళ్ళయిందనీ తరవాత తెలిసింది. మూడు వారాలకు పాస్టరమ్మ మా ఇంటికి వచ్చి, ఆయన నన్ను అడగమన్నాడని చెప్పింది. నేను ప్రార్థన మాట ఎత్తాను. ఇష్టం లేక కాదు, భయపడి. ఊరు కొత్త, భాష సగం కొత్త, ఇంకొకరు ఖాళీ చేసి వెళ్ళిన చోటు. నాయన సంగతేమిటి?

ఎన్ని దినాలని ఆమె నిలదీసేసరికి పది అన్నాను. "సరే, పదకొండో దినం వస్తా," అని వెళ్ళిపోయింది.

మోకరించి దేవునికి ఒక షరతు పెట్టాను. ఈ పది రోజుల్లో గుంతకల్లులో వాన పడితే ఇది నీ చిత్తమని ఒప్పుకుంటాను అని. అది ఫిబ్రవరి నెల. లెక్కల టీచర్ని, ఏం అడుగుతున్నానో నాకు బాగా తెలుసు. మర్నాడు నాయనతో చెబితే, ఆయన శనక్కాయలు ఒలవడం ఆపి నన్ను చూశాడు.

"వానాకాలంలో అడిగితేనే రాదు, ఇప్పుడు అడుగుతాండావా? వద్దని నువ్వు చెప్పలేక దేవునితో చెప్పిస్తాండావు పాపా."

మొదటి మూడు రోజులు నిశ్చింతగా ఉన్నాను. నాలుగో రోజు తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుంటే బోర్డు మీద ఎండ మసకబారింది. సుద్దముక్క పట్టుకునే వరండాలోకి వెళ్ళాను. ఒకే ఒక్క మబ్బు, దూది ఉండంత, సూర్యుణ్ణి దాటి వెళ్ళిపోయింది. ఏమయిందని పిల్లలు అడిగితే ఏం లేదన్నాను. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. ఫోన్లో వాతావరణం చూసేదాన్ని, అయిదు నిమిషాలకు మళ్ళీ చూసేదాన్ని. ఉతికిన బట్టలు ఆరినా తాడు మీదే వదిలేసేదాన్ని, తడవనీ అని. ఏడో రోజు పొద్దున ఇంట్లోకి తడి మట్టి వాసన వచ్చింది. ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి నాయన చెప్పు వేసుకుని వీధిలోకి పరిగెత్తాను. పక్కింటామె వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

"ఏమైందమ్మా?" అందామె నా కాళ్ళ వైపు చూస్తూ.

"చల్లండి, చల్లండి," అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

పదో రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చి మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కాను. ఆకాశం తోమి బోర్లించిన స్టీలు గిన్నెలా ఉంది. తలెత్తి బతిమాలాను. ప్రభువా, ఒక్క చినుకు చాలు. గుంతకల్లు అన్నాను గానీ మండలంలో ఎక్కడైనా పరవాలేదు. జిల్లాలో ఎక్కడైనా సరే. అలా బేరమాడుతూ ఉండగా నా మాటలు నాకే వినపడ్డాయి. కాదనిపించుకోవడానికి షరతు పెట్టినదాన్ని, అవుననమని ఏడుస్తున్నాను. కాలుతున్న పిట్టగోడ మీద కూలబడి పిచ్చిదానిలా నవ్వాను. ఆ పది రోజుల్లో మొదటిసారి నిజంగా ప్రార్థన చేశాను. నాకు ఆయన కావాలి, భయంగా ఉంది, తప్పయితే ఆపు అని. ఏ స్వరమూ వినపడలేదు. తల మాత్రం తిరునాళ్ళలో రంగులరాట్నం దిగినప్పటిలా తేలికగా తిరిగింది.

పదకొండో రోజు పాస్టరమ్మ వచ్చింది.

"వాన పడలేదు," అన్నాను. "కానీ నాకు ఇష్టమే. దేవుని మాట కాదన్నట్టవుతుందా?"

"నువ్వు వాన అడిగినావు. ఆయన వాన ఇయ్యలేదు. పెండ్లి వద్దని యాడ చెప్పినాడు?" అందామె. "ఆ మనిషి తాగుతాడా? తాగడు. అబద్ధాలు చెప్తాడా? చెప్పడు. ప్రభువంటే భయభక్తులున్నోడు. ఆ మనిషిని తలుచుకుంటే నీకు నవ్వొస్తాండాదా?"

"వస్తోంది."

"ఇంకేం కావాల నీకు? పోయి మాట్లాడు. ఇల్లు చూడు, వాళ్ళమ్మను చూడు. దేవుడు బుద్ధి ఇచ్చినాడు కదా, దాన్ని వాడుకో."

ఆ శనివారం నాయనా నేనూ రెండు బస్సులు మారి గుమ్మఘట్ట చేరాం. ఆయన ఊరి బయట గొర్రెలకు టీకాలు వేస్తున్నాడు. మాకూ ఆయనకూ నడుమ మందలు, దుమ్ము, అరుపులు. సూది చేత్తో పట్టుకుని మమ్మల్ని చూశాడు గానీ గొర్రెలు దారి ఇవ్వలేదు.

"ఏమొచ్చినారు?" అని అటువైపు నుంచి అరిచాడు.

"ఒప్పుకున్నానని చెప్పడానికి," అన్నాను.

"వినపడల్యా."

"ఒప్పుకున్నాను," అని నేను కూడా అరిచాను.

మధ్యలో ఉన్న గొర్రెల కాపరి వెనక్కి తిరిగి, "ఒప్పిద్దారంతె," అని కన్నడంలో మిగతావాళ్ళకు అందించాడు. ఆ మాట మంద చివరిదాకా వెళ్ళింది. నాయన తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను సిగ్గుపడటం కూడా మరిచిపోయాను.

తరవాత ఇంట్లో కూర్చున్నప్పుడు ఆయన అన్నీ ముందే చెప్పాడు. నీళ్ళు మూడు రోజులకొకసారి వస్తాయి. వాళ్ళమ్మకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. గోడ మీద ఉన్న భార్య ఫోటో తీయడు.

"తీయొద్దు," అన్నాను. "మీరు గుర్తేమైనా అడిగారా దేవుణ్ణి?"

"లేదు. నచ్చినారు, అడిగించినా. కాదంటే కొన్నాళ్ళు బాధపడి మళ్ళా పనిలో పడేవాణ్ణి. దేవుడు వదిలిపెట్టడని తెలుసు."

మే నెలలో పెళ్ళయింది. నేను దగ్గర్లోని రాయదుర్గానికి బదిలీ చేయించుకున్నాను. నాయన మాతోనే వచ్చేశాడు. మా అత్త కన్నడంలో, నాయన తెలుగులో పొద్దుటి నుంచి పోట్లాడుకుంటారు. ఇద్దరిలో ఎవరు ఊరికి వెళ్ళినా రెండోవారు అన్నం సరిగా తినరు.

మొన్న నాకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది, దూరం ఊరికి. వారం రోజులు ఇద్దరం కలిసి ప్రార్థన చేశాం. నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. అత్తకు కంటి ఆపరేషన్ ఉంది, ఈ ఏడు వద్దనుకున్నాం. అదే దేవుని చిత్తమని ప్రమాణం చేయమంటే చేయలేను. "తప్పయితే ఆయనే తిప్పుతాడులే," అన్నాడు మా ఆయన. వద్దని ఉత్తరం రాసి సంతకం పెట్టిన పొద్దున, టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆయన బండి వెనక బస్టాండుకు వెళ్ళాను. దారి పొడుగునా పాట పాడుతూనే ఉన్నాను. శ్రుతి తప్పుతోందని ఆయన రెండుసార్లు చెప్పాడు గానీ, బండి మాత్రం నెమ్మదిగానే నడిపాడు.