సున్నం కింద నంబరు

సర్కారు మీద సామాన్యులు తిరగబడే ఇంగ్లిష్ సినిమాలంటే డిగ్రీ రోజుల్లో నాకు పిచ్చి. ఏదో రాబోయే కాలం, అందరికీ బూడిదరంగు బట్టలు, మెడ మీద నంబరు, వీధి వీధికీ మైకులో హుకుం. ఎవడో ఒక బక్కపలచటి మనిషి ఆ నంబరు చెరుపుకుని ఎదురు నిలుస్తాడు. ఆదివారం మధ్యాహ్నం మా కేబులాయన అలాంటిదొకటి వేసేవాడు. నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చిన మేము మేడ్చల్ రోడ్డు పక్క కొత్త కాలనీలో ఉండేవాళ్లం.

మాకు పెరుగు పోసే అవ్వ ఆ వేళకి వచ్చి మా గడపలో కూర్చునేది. కాలనీ మొదట్లో, రోడ్డును ఆనుకుని ఆమెది ఒంటిగది ఇల్లు, పక్కనే రెండు గేదెలు. ఆమెకు ఇంగ్లిష్ రాదు కనుక కథంతా నేనే చెప్పేదాన్ని, నా సొంత పైత్యం కొంత కలిపి. నేల కింద దాక్కున్న తిరుగుబాటుదారులను చూసి నేను పొంగిపోతుంటే ఆమె బెంగ వేరుగా ఉండేది.

“గంతమంది గాడ దాసుకున్నరు గదా, బువ్వ ఎవరు వండుతరు బిడ్డా?”

“అది సినిమాలో చూపించరవ్వా.”

“సూపియ్యకుంటే ఎట్ల? తినకుంట ఎట్ల కొట్లాడుతరు?”

నాకు విసుగొచ్చేది. ఇంత పెద్ద పోరాటంలో ఈవిడకి అన్నం గొడవేమిటనుకునేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు, రోడ్డు వెడల్పు చేస్తారన్నారు. ఎవరో వచ్చి టేపుతో కొలిచి, అవ్వ గోడ మీద ఎర్ర పెయింటుతో నంబరు వేసి పోయారు. అది చూడగానే నా రక్తం ఉడికిపోయింది. అచ్చం సినిమాలో లాగే.

“చెరిపెయ్యవ్వా. నంబరు లేకపోతే ఏ ఇల్లు కూల్చాలో వాళ్లకెలా తెలుస్తుంది?”

“సర్కారోళ్లు ఏమన్న అంటరేమో బిడ్డా.”

“బతుకమ్మ పండగకి ఎలాగూ సున్నం వేస్తావుగా. ఆ చేత్తోనే వేసెయ్.”

చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అని ఆమె నమ్మింది. బకెట్ నేనే పట్టుకున్నాను. రెండు పూతలు వేసి, కింద ఎర్రమట్టి జాజుతో అంచు దిద్దేసరికి గోడ పెళ్లింటి గోడలా తయారైంది. గెలిచినంత సంబరపడ్డాను.

సాయంత్రం నాన్నకి గొప్పగా చెప్పాను. రోజూ ఒకే సంచీతో ఒకే బస్సెక్కి ఆఫీసుకెళ్లే ఆయన్ని ఆ బూడిదబట్టల మనుషుల్లో కలిపేసేదాన్ని, మనసులో. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

“కూల్చడం ఎలాగూ ఆగదమ్మా. ఆ నంబరు ఉన్న ఇళ్లకే వేరేచోట స్థలం ఇస్తారు. మళ్లీ సరిచూసుకోడానికి వస్తారు. అప్పటికి నంబరు లేకపోతే ఆవిడకి ఇల్లూ ఉండదు, స్థలమూ ఉండదు.”

మర్నాడు పొద్దున్నే వెళ్లి అవ్వకి చెప్పాను. ఆమె గేదెలకు కుడితి పెట్టి వచ్చి, “ఇగ రానియ్యి, సూద్దాం” అంది. వాళ్లొచ్చినప్పుడు తప్పు నాదేనని చెబుతానని నాన్నకి మాటిచ్చాను.

నాలుగో రోజు జీపొచ్చింది. ఆఫీసరు కాగితం చూశాడు, గోడ చూశాడు.

“ఇక్కడ నంబరేదీ? పశువుల కొట్టం అని రాసుకో” అన్నాడు పక్కనున్న గుమస్తాతో.

అవ్వ తొట్టిలో చెంబు ముంచి నీళ్లు గోడ మీద కొట్టింది. ఇంకో చెంబు. తడిసిన సున్నం పలచనై, లోపలి నుంచి ఎర్ర అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఏటేటా గోడలకు సున్నం కొట్టిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నాకే తెలియదు.

“సర్కారు గుర్తు చెరిపితే కేసవుతుంది, తెలుసా? ఎవరు చెప్పారు నీకు చెరపమని?”

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరు పెగల్లేదు.

“ఎవరు జెప్తరు సార్? పండుగకు సున్నం ఎయ్యకుంటే ఎట్ల?”

“ఎవరో చెప్పే ఉంటారు. పేరు చెప్పు, నిన్నొదిలేస్తా.”

“నేనే జేసిన సార్.”

అవ్వ నా వైపు చూడను కూడా లేదు. ఆఫీసరు కాసేపు గద్దించి, చివరికి నంబరు రాసుకుని వేలిముద్ర వేయించుకుని పోయాడు. తర్వాత శామీర్‌పేట అవతల ఆమెకు స్థలం వచ్చింది. ఇల్లు మాత్రం పోయింది.

జీపు వచ్చి వెళ్లాక తొలి ఆదివారం కూడా అవ్వ ఎప్పట్లాగే వచ్చి గడపలో కూర్చుంది. తెర మీద బక్కమనిషిని కుర్చీకి కట్టి కొడుతున్నారు. నేను కథ చెప్పడం ఆపేశాను.

“ఏమడుగుతాండ్రు బిడ్డా?”

“తోటివాళ్ల పేరు చెప్పమంటున్నారు. చెప్పట్లేదు.”

“మంచిగ జేసిండు. మరి గా పేరుగలోళ్లు యాడున్నరు?”

“పక్కనే ఉన్నారవ్వా. భయపడి నోరు మూసుకుని నిలబడ్డారు.” నాకు ఏడుపొచ్చేసింది.

అవ్వ తెర మీంచి చూపు తిప్పి నన్ను చూసింది.

“పోనియ్యి. బువ్వ తిన్నవా?” అంది.