బయట నిలబడిన మనిషి

ఫోన్‌లో ‘కాక’ అని పేరు కనబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులుగా ఆస్పత్రిలో ఉన్న మనిషి మళ్ళీ తానే ఫోన్ చేస్తున్నాడంటే తేరుకున్నట్టే కదా అనుకున్నాను. ఎత్తితే అవతల ఆయన భార్య. “మీ కాక పోయిండు సారూ. పొద్దుగాల చాయ్ తాగిండు, గంతే” అంది. అప్పుడు నా ముందు మా మిల్లు భద్రత ఫైలు తెరిచి ఉంది. మర్నాడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడని నాలుగు రోజులుగా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మీరాయనను ఎరుగరు. ఆదిలాబాద్ శివారులోని ఒక జిన్నింగ్ మిల్లులో, పత్తి నుంచి గింజలు వేరుచేసే మరల దగ్గర పెద్ద ఫిట్టర్. అక్కడ పనిచేసే తెలుగువాళ్ళకూ మరాఠీవాళ్ళకూ కూడా ఆయన కాకే, చిన్నాన్న వరస. నేను కరీంనగర్ నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ని. ఈ ఊళ్ళో నాకున్నవి ఒక అద్దె గది, ఆఫీసులో ఒక కుర్చీ, కాక. ఇప్పుడు గది, కుర్చీ మిగిలాయి.

చేరిన వారంలోనే పనివాళ్ళను కూర్చోబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నిబంధన ఒక్కటి కూడా వదల్లేదు. ఆడవాళ్ళు నా మొహంలోకి చూస్తూ ఓపిగ్గా కూర్చున్నారు. వాళ్ళలో సగం మందికి తెలుగు అంతంతమాత్రమేనని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అయిపోయాక కాక లేచి, కొంగులు నడుముకు చెక్కుకోమని చేత్తో చూపించి, మర వైపు వేలు చూపి “హాత్ ఘాలూ నకా” అన్నాడు. చెయ్యి పెట్టొద్దని. అందరూ తలూపి పనిలోకి వెళ్ళిపోయారు. నా అరగంటా ఆ మూడు మాటల్లోనే ఉందని ఒప్పుకోవడానికి నాకొక సీజన్ పట్టింది.

దసరాకు మరలకు పూజ చేస్తారు మా దగ్గర. బొట్టు లోపలి పళ్ళచక్రానికే పెట్టాలని పట్టింపు. దానికోసం రక్షణగా బిగించిన ఇనుప మూతలు విప్పి, పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, జమ్మికి వెళ్ళిపోయేవారు. మొదటి ఏడాది నేను పండగకు ముందురోజు తనిఖీ చేసి, ‘మూతలన్నీ బిగించి ఉన్నవి’ అని రిజిస్టరులో రాసుకుని నిశ్చింతగా ఉన్నాను. పండగ తెల్లారి కాక నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. మరలన్నీ నోళ్ళు తెరుచుకుని, లోపల బంతిపూల దండలతో ఉన్నాయి. మర నడిచేవేళ వాడిన దండను తీయబోయే చెయ్యి ఒక్కటి చాలు. పూజే వద్దని సర్క్యులర్ రాయబోయాను. కాక నవ్వాడు. “పూజ బంద్ జేస్తే దొంగచాటుగ జేస్తరు సారూ. జర ఆగు” అన్నాడు.

మరుసటి ఏడు ప్రతి మూత మీదా అరచేతంత ఇత్తడి రేకు బిగించి, చింతపండుతో తోమించి, మరకు మొహం ఇదే, బొట్టు ఇక్కడే పెట్టాలని ఆడవాళ్ళకు నచ్చజెప్పాడు. ఇంత మంచి మొహం ఉండగా లోపలికి ఎందుకని వాళ్ళూ ఒప్పుకున్నారు. ఆ తరవాత పూజకోసం ఎవరూ మూత విప్పలేదు. ఆయనకూ లోపాలున్నాయి లెండి. దుమ్ముకు మూతిగుడ్డ కట్టుకోమని అందరి వెంటా పడేవాడు కానీ, తన మాట వినబడాలని తనది మాత్రం ఎప్పుడూ గడ్డం కిందే ఉండేది.

మరల కింద ఒక కాలువ, అందులో గింజలను తోసుకుపోయే పొడుగాటి ఇనుప స్క్రూ ఉంటాయి. అది ఇరుక్కుంటే మనిషి దిగి కడ్డీతో పొడిచి తీయాలి. దిగేముందు మెయిన్ స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి దిగేవాళ్ళే వెంట తీసుకుపోవాలని నేను నియమం పెట్టాను. కాక దానికి తనదొకటి కలిపాడు. దిగినవాళ్ళు పైకొచ్చేదాకా స్విచ్చు పక్కన ఇంకొకరు నిలబడాలి. లోపలివాళ్ళు మధ్యమధ్య పిలుస్తారు, బయటివాళ్ళు “ఉన్న” అనాలి. చాలాసార్లు ఆ బయటి మనిషి ఆయనే. చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద పనేదో చేస్తున్నవాడిలా నిలబడేవాడు. తాళంచెవి లోపలివాళ్ళ దగ్గరే ఉండగా ఈ ఉత్త నిలబడటం దేనికని ఒకసారి అడిగాను.

“తాళం మిషిన్కు సారూ. లోపలున్నోనికి మనిషి గావాలె.”

ఆ నియమం ఫైల్లోకి ఎక్కించాను కూడా. మనిషి ఖాళీగా నిలబడితే ఎట్లా అన్నాడు మేనేజరు. నా చెక్‌లిస్టులో ఆ గడి లేదు కాబట్టి నేను వాదించలేదు. కొట్టేశాను. కాకకు చదువు రాదు. ఫైలు చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ రోజు విని, కళ్ళు తెరిచి, తన ముచ్చట లేదేమని అడిగాడు. అవసరం లేదన్నారని చెప్పాను. సరేనని తలూపి, ఆ సాయంత్రం కాలువ ఇరుక్కుంటే ఎప్పటిలాగే పోయి నిలబడ్డాడు.

ఆస్పత్రిలో చేరిన రెండో రోజు ఆయన ఫోన్ చేశాడు. ఎప్పుడొస్తావని అడిగాడు. ఇన్‌స్పెక్షన్ అయిన తెల్లారే వస్తానన్నాను. “మంచిది, పని జూస్కో” అని, పెట్టేసేముందు, “ఇంటామె బువ్వ తేను పోయింది. ఒక్కన్నే ఉన్న, గందుకని చేసిన” అన్నాడు. ఆస్పత్రి మిల్లుకు పావుగంట దూరం. నేను పోలేదు. ఇది మీకు చెప్పకుండా ఆయన గురించి మంచిమాటలు రాసే అర్హత నాకు లేదనిపించింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఫైలు బాగుందన్నాడు. ఇత్తడి రేకులు చూసి, ఎవరి ఆలోచన అని అడిగాడు. మా ఫిట్టర్‌ది, నిన్ననే దహనం చేసి వచ్చామని చెప్పాను. ఇన్‌స్పెక్టర్ వెళ్ళాక, కొట్టేసిన వాక్యాన్ని టైపు అక్షరాల పక్కన పెన్నుతో మళ్ళీ రాశాను.

మూడో రోజు కాలువ ఇరుక్కుంది. ముందు వరుసలో పనిచేసే మరాఠీ ఆమె తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుని, ఒక కాలు లోపల పెట్టి ఆగింది. స్విచ్చు పక్కన ఖాళీగా ఉన్న చోటును చూసింది. నేను పోయి అక్కడ నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మరలన్నీ ఆగితే ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

కింద కడ్డీ చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

“కాకా?” అని పిలిచిందామె, అలవాటు కొద్దీ.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

“ఉన్న” అన్నాను. మళ్ళీ చప్పుడు మొదలైంది.