రెండో పంది ఆపేసిన సైరన్

లేదు బాబాయ్, తీగకు కరెంటు పెట్టనివ్వను. నిన్న సారు పెద్దకర్మ భోజనాల దగ్గర అంతమందిలో నువ్వన్నావు: "సారే పోయిండు. ఇంక నీ సైరన్ బోర్డు ఎవడు బాగుచేస్తడు? రేపు చేను చుట్టూ ఉన్న తీగను కరెంటుకే తగిలిస్త." అప్పుడు నా నోట్లో ముద్ద ఉంది. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

చదివేవాళ్ళకు సంగతి చెప్పాలి. ములకలపల్లి దాటాక అడవి అంచున మా ఊరు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకొని, రిటైరయ్యాక మా ఊళ్ళో ఉండిపోయిన సారు ఈమధ్యే పోయారు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకొని అరుగు మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. టీ సగమే తాగారు.

నేను తొమ్మిదిలో బడి మానేశాను. మొబైల్ షాపు, వాటర్ క్యాన్ల ఆటో, సత్తుపల్లిలో పామాయిల్ గెలల లారీ. ఎక్కడా ఆరు నెలలు నిలవలేదు. ఓసారి నీళ్ళ క్యాన్ దించడానికి సారు ఇంటికి వెళితే, ఆయన అరుగు మీద సుద్దముక్కతో ఏదో గీస్తున్నారు.

"ఏంది సారూ, ముగ్గా?"

"అవ్, ముగ్గే. గుర్తుపెట్టుకునే ముగ్గు. కూసో."

రెండు గేట్లు గీశారు, అంటే వచ్చిన కరెంటును బట్టి అవుననో కాదనో జవాబిచ్చే చిన్న సర్క్యూట్లు. దీని జవాబు దానికి, దాని జవాబు దీనికి వెళ్ళేలా గీతలు కలిపారు. "ఒకని మాట ఇంకొకని చెవిల పడుతనే ఉంటది. అందుకే మర్చిపోరు. దీన్నే ఫ్లిప్‌ఫ్లాప్ అంటరు," అని డబ్బాలోంచి అలాంటి బోర్డొకటి తీసి, బ్యాటరీ పెట్టి చూపించారు. ఒక తీగ ముట్టిస్తే ఎర్ర లైటు వెలిగింది. తీసేసినా వెలుగుతూనే ఉంది. ఇంకో తీగ ముట్టిస్తేనే ఆరింది. అది ఎస్‌ఆర్ రకం.

"రెండూ ఒక్కసారే ముట్టిస్తే?"

"గది మాత్రం చెయ్యకు. తీసినంక ఏ దిక్కు పడ్తదో దానికీ తెల్వదు, నాకూ తెల్వదు."

తర్వాత రోజూ వెళ్ళాను. డి రకాన్ని ఆయన బడి గంటతో చెప్పారు. "గంట కొట్టినప్పుడు గదిలుంటే హాజరు. మళ్ళ గంట కొట్టేదాంక నువ్వు గోడ దూకినా రిజిస్టర్ల హాజరే." ఆ లెక్కన నేను చాలా ఏళ్ళు హాజరే అన్నాను. ఆయన నవ్వలేదు, సుద్దముక్క నా చేతికిచ్చి మళ్ళీ గీయమన్నారు. జేకే రకం ఎస్‌ఆర్‌కు తెలివైన తమ్ముడు. రెండూ ఒక్కసారే వచ్చినా తికమకపడదు, గంట కొట్టగానే ఉన్నదాన్ని తిరగేస్తుంది. ఆ జేకే రెండు తీగలనూ కలిపి ఒకటిగా కట్టేస్తే టీ రకం. ముట్టిన ప్రతిసారీ తిరగబడుతుంది. వెలుగుతుంటే ఆరుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది.

"నీ లెక్కనేరా," అనేవారు సారు. "ఏ పనిల పెట్టినా తిరగబడుడే."

మా వైపు మక్కజొన్న చేలకు అడవి పందుల బాధ. కొందరు తీగ కట్టి కరెంటు ఇస్తారు. సారుకు ఆ మాటే పడేది కాదు. "నువ్వు పందివా, మనిషివా అని కరెంటు అడుగుతదారా?" అనేవారు. పంది తగిలితే సైరన్ మోగేలా సన్న తీగ కడదాం, బ్యాటరీ చాలు అన్నారు. నేను ఆగలేకపోయాను. సారు ఊళ్ళో లేనప్పుడు ఆయన డబ్బాలోంచి టీ రకం బోర్డు తీసి బాబాయ్ చేనుకు పెట్టేశాను. ఒకే తీగతో మోగడం, ఆగడం రెండూ అయితే, ఆపే బటన్ కోసం ఇంటిదాకా ఇంకో తీగ ఎందుకని నా తెలివి.

తెల్లారేసరికి సగం చేను పడిపోయింది. సారు వచ్చి అడుగులు చూస్తూ గట్టంతా తిరిగారు.

"మంద వచ్చిందిరా. మొదటిది సైరన్ ఏసింది. రెండోది ఆపేసింది."

"అంటే పందులే ఆపరేటర్లా సారూ?" అన్నాడు బాబాయ్, ఏడవలేక.

"మందగ వస్తయని బోర్డుకు తెల్వదు. మనకు తెల్వాలె," అన్నారు సారు. ఆ 'మన' అన్న మాట నాకు గుర్తుంది. తప్పు నాదొక్కడిదే. ఆ రోజే నా పక్కన కూర్చొని ఎస్‌ఆర్ బోర్డు కట్టించారు. ఎన్ని పందులు తగిలినా మోగుతూనే ఉంటుంది, ఇంటి దగ్గర బటన్ నొక్కితేనే ఆగుతుంది. ఆ తర్వాత పంది చేలో అడుగు పెట్టలేదు. బాబాయ్‌కి మాత్రం ఆ మొదటి రాత్రే గుర్తు.

సారు దినాల్లోనే చీమలు చేరి ఆ బోర్డు పాడైంది. బాబాయ్ కోపం అందుకే. కంకులు గింజ పట్టాయి, అది నాకూ తెలుసు. కానీ ఇప్పపువ్వు రాలే రోజులివి. గూడెం ఆడవాళ్ళు పువ్వు ఏరడానికి తెల్లారకముందే గంపలతో మా గట్టు మీదుగానే నడుస్తారు. వెనకాల పిల్లలుంటారు.

ఈ పొద్దున కొత్త బోర్డు నేనే కట్టాను. అడగడానికి ఎవరూ లేరు కాబట్టి, అనుమానం వచ్చిన ప్రతిచోటా అరుగు మీద గీసి చూసుకున్నాను. పదిసార్లు పరీక్షించాను. పనిచేస్తోంది. ఇంక చేనుకు పెట్టాలి.

ఫోన్ మూడోసారి మోగుతోంది. బాబాయే. కరెంటు లైనుకు కొండీ తగిలించే కర్ర కనబడటం లేదని అడుగుతాడు. పొద్దున దాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. ఆ సంగతి ఫోన్‌లో చెప్పేది కాదు. వెళ్ళాలి.