అత్తగారి చేతిలో నా ఇండియా నంబరు

నేను కెనడా వచ్చేశాను గానీ నా ఫోన్ నంబరు మాత్రం కాకినాడలో మా అత్తగారి దగ్గరే ఉండిపోయింది. ఇది నా సొంత తెలివి కాదు. వీసా పెట్టించిన కన్సల్టెన్సీ ఆయన సలహా. ఇండియా సిమ్‌ని వెంట తీసుకెళ్తే రోమింగులో మెసేజీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, ఇంట్లో నమ్మకమైన మనిషి చేతిలో పెట్టి వెళ్ళండి, ఓటీపీ వచ్చినప్పుడల్లా చదివి చెబుతారు అన్నాడు. నమ్మకమైన మనిషి అనగానే మా ఆయనకి వాళ్ళమ్మ తప్ప ఇంకెవరూ తట్టలేదు. నాకు ఇద్దరు ముగ్గురు తట్టారు. అప్పటికే పెట్టెలు సర్దుతున్నాం, ఆ హడావిడిలో గొడవెందుకని నోరు మూసుకున్నాను.

అవి మన వైపు నుంచి చదువు పేరుతో జనం తిరునాళ్ళకి కదిలినట్టు కెనడాకి కదిలిన ఏళ్ళు. నేనూ కదిలాను. కాకినాడలో ఒక ఆస్పత్రి మందుల విభాగంలో ఫార్మసిస్టుగా చేస్తున్న దాన్ని, ముప్ఫై దాటాక మళ్ళీ సంచి తగిలించుకుని కాలేజీకి బయల్దేరాను. నా స్టడీ పర్మిట్ తోక పట్టుకుని మా ఆయన స్పౌజ్ పర్మిట్ మీద వచ్చారు. ఏజాక్స్ అనే ఊళ్ళో ఒక తెలుగు ఆంటీ గారింట్లో బేస్‌మెంటులో దిగాం. ఆయన గోడౌన్‌లో పెట్టెలు మోసేవారు. నేను పగలు క్లాసులు, సాయంత్రాలు ఒక షాపులో బిల్లులు.

ఆంటీ మాకు నేర్పిన మొదటి పాఠం మంచులో నడవడం కాదు, ఫోన్ మర్యాద. బస్సులో స్పీకర్ పెట్టి మాట్లాడకూడదు. ముందు మెసేజీ పెట్టి, వీలవుతుందా అని అడిగి, వాళ్ళు సరేనన్నాక గానీ ఫోన్ చేయకూడదు. తెలియని నంబరు మోగితే అసలు ముట్టుకోకూడదు, మోగి మోగి వాయిస్ మెయిల్లోకి పోవాలి, అది తర్వాత తీరిగ్గా వినాలి. మన ఇళ్ళల్లో ఫోన్ మోగితే స్నానం చేస్తున్న మనిషి కూడా తడి చేత్తో ఎత్తి ఎవరండీ అంటాడు. ఇక్కడ మోగుతున్న ఫోన్‌ని బల్లిని చూసినట్టు చూస్తారు. నేను మొదటి వారంలో మా ప్రొఫెసర్ గారికి చెప్పకుండా ఫోన్ చేశాను. ఆయన ఎత్తి, ఎవరైనా పోయారా అన్నంత కంగారుగా మాట్లాడాడు.

కాకినాడలో ఈ మర్యాదలేవీ లేవు. మా అత్తగారు నా సిమ్‌ని మామయ్యగారి పాత బటన్ల ఫోన్‌లో వేసి, దాన్ని బైబిలు పక్కన పెట్టుకున్నారు. ఆవిడ సొంత స్మార్ట్‌ఫోన్ ఆవిడకి వేరే ఉంది. మొదట్లో అంతా బాగానే సాగింది. ఓటీపీ రాగానే బటన్ల ఫోన్‌కి స్మార్ట్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవారు. ఆ ఫొటోలో ఆవిడ బొటనవేలు స్పష్టంగా ఉండేది, దాని కింద చివరి అంకె ఉండేది. మళ్ళీ తీయండి అత్తయ్యా అంటే, ఈసారి వేలు తీసి కళ్ళజోడు నీడ పడేలా తీసేవారు. ఈలోపు గడువు అయిపోయేది. మా ఆయన మాత్రం, పాపం అమ్మ ఎంత కష్టపడుతోందో అనేవారు. ఒళ్ళు మండేది నాకు.

నంబరు ఆవిడ చేతిలో ఉన్నాక ఆ నంబరుకి వచ్చే మనుషులు కూడా ఆవిడ వాళ్ళే అయిపోయారు. క్రెడిట్ కార్డు కావాలా అని ఎవరైనా ఫోన్ చేస్తే, మా కోడలు కెనడాలో ఉందమ్మా, నీకు పెళ్ళయిందా, ఏ ఊరు మీది అని మొదలుపెట్టి చివరికి ప్రార్థన చేసి పెట్టేసేవారు. నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు ఏళ్ళ తర్వాత నా నంబరుకి చేస్తే, దానికి నా సంగతులన్నీ చెప్పి, దాని సంగతులన్నీ కనుక్కుని, నాకు మాత్రం ఎవరో చేశారమ్మా అన్నారు. నా పేరుతో అక్కడ నాకంటే చురుగ్గా ఇంకొకరు బతుకుతున్నట్టుండేది.

అలా కాస్త కాలం గడిచాక వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజానికి ఒక బ్యాంకు మేనేజరు వచ్చి సైబర్ మోసాల గురించి చెప్పి వెళ్ళాడు. ఆ సమాజానికి మా అత్తగారు కార్యదర్శి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, సొంతవాళ్ళు అడిగినా చెప్పకండి, ఈ రోజుల్లో గొంతు కూడా కంప్యూటర్‌తో తయారు చేస్తున్నారు, వీడియోలో మొహం కూడా తయారు చేస్తున్నారు అన్నాడట. అంతే. ఆవిడకి దేవుని వాక్యం విన్నంత గురి కుదిరింది. మర్నాడు నేను ఓటీపీ అడిగితే ససేమిరా అన్నారు. మెసేజీలోనే రాసి ఉంది కదమ్మా, ఎవరితోనూ పంచుకోవద్దని, నేను చదివాను అన్నారు. అది నాకొచ్చిన మెసేజీ అత్తయ్యా, ఎవరితోనూ అంటే నేను కాని వాళ్ళతో అన్నాను. నువ్వు నువ్వేనని నాకెలా తెలుస్తుంది అన్నారు.

మా ఆయన మధ్యవర్తిగా దిగి ఒక ఒప్పందం కుదిర్చారు. ఆవిడ ఒక ప్రశ్న అడుగుతారు, నేను సరైన జవాబు చెబితే ఓటీపీ. మొదట్లో తేలికవే వచ్చాయి. పెళ్ళి ఏ వారం అయింది, మామయ్యగారికి ఇష్టమైన కూర ఏంటి, మా ఇంట్లో కుక్క పేరేంటి. పరీక్ష రాసినట్టు జవాబులు చెప్పి అంకెలు తీసుకునేదాన్ని. క్లాసులో పక్కన కూర్చున్న పంజాబీ అమ్మాయి, మీ అత్తగారి సెక్యూరిటీ మా బ్యాంకుకి కూడా లేదు అంది.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది, ఆ ఉద్యోగం వచ్చేదాకా.

డిప్లొమా చివరికొచ్చాక ఊళ్ళోనే ఒక మందుల షాపులో ఫార్మసీ అసిస్టెంటుగా ఫుల్‌టైమ్ ఉద్యోగం ఇస్తామన్నారు. అది వస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడిపోవడానికి, దారి. అది పోతే మళ్ళీ బిల్లులు, మళ్ళీ వందల మందితో పాటు షాపు షాపుకీ తిరిగి రెజ్యూమే పంచడం, పర్మిట్ గడువు లెక్కపెట్టుకోవడం, ఆయన గోడౌన్ నడుం నొప్పి. వాళ్ళు అడిగింది ఒక్కటే. ఇండియాలో ఫార్మసిస్టుగా రిజిస్టరయి పనిచేశానని చెప్పాను కాబట్టి, అక్కడి ఫార్మసీ కౌన్సిల్ ఆఫీసు నుంచి నేరుగా వాళ్ళకి సర్టిఫికెట్ రావాలి, శుక్రవారం లోపల. లేకపోతే వరుసలో తర్వాతి మనిషిని పిలుస్తారు.

ఆ ఆఫీసు వెబ్‌సైటులో అప్లై చేయడానికి ఓటీపీ కావాలి. ఓటీపీ పాత నంబరుకి వస్తుంది. నంబరు మార్చుకుందామంటే, మార్చడానికి ఓటీపీ కావాలి, అదీ పాత నంబరుకే వస్తుంది. ఇంత గట్టి ఏర్పాటు ఎవరు చేశారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి. పైగా ఆ సైటు అక్కడి ఆఫీసు వేళల్లోనే తెరుచుకుంటుంది. అక్కడ ఆఫీసు కట్టేసే వేళకి మాకు ఇక్కడ పొద్దున్న ఏడున్నర. బుధ, గురువారాలు సైటు తెరుచుకోనేలేదు.

శుక్రవారం పొద్దున్నే లేచి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఏడు దాటాక సైటు తెరుచుకుంది. వివరాలన్నీ కొట్టాను. ఓటీపీ పంపాం, పది నిమిషాల్లో నింపండి అంది. చేతులు రెండూ కీబోర్డు మీద ఉన్నాయి కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టి అత్తగారికి చేశాను. మా ఆయన షిఫ్టుకి బయల్దేరుతూ స్టవ్ దగ్గర టీ వడపోస్తున్నారు.

వచ్చిందమ్మా మెసేజీ, అన్నారు అత్తగారు. చెప్పండి అత్తయ్యా, తొందరగా, అన్నాను. ఉండు, ప్రశ్న అడగాలి కదా అన్నారు. అడగండి, కుక్క పేరు చెప్పనా అన్నాను. అవేవీ పనికిరావట. మేనేజరు మొన్న మళ్ళీ వచ్చాడట. ఫేస్‌బుక్కులో, వాట్సాప్‌లో పెట్టినవి ఏవీ ప్రశ్నలుగా పెట్టుకోకండి, అవన్నీ దొంగలకి ముందే తెలుసు అన్నాడట. ఆవిడ కూర్చుని మా బతుకంతా ఒకసారి వెతికారట. పెళ్ళి ఫొటోలు ఉన్నాయి, కుక్క ఉంది, కూరలున్నాయి, పుట్టినరోజులు సరే సరి. మా ఆడపడుచు ఫేస్‌బుక్కులో ఎక్కించని విషయం మా ఇంట్లో లేదు. మనిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియంది ఏముందా అని రాత్రంతా ఆలోచించానమ్మా, ఒక్కటే దొరికింది, అన్నారు.

ఏంటది అన్నాను, గడియారం చూస్తూ.

"నువ్వు కెనడా వెళ్తానని చెప్పిన రోజు, వంటింట్లో నేను నిన్ను ఏమన్నాను?"

ఆవిడ మర్చిపోయారనుకున్నాను. అన్నవాళ్ళు మర్చిపోతారు, పడ్డవాళ్ళకే గుర్తుంటుంది అనుకుని నాలో నేనే ఏడ్చుకుని ఊరుకున్నాను. అమ్మకి చెప్పలేదు. మా ఆయనకి అసలే చెప్పలేదు. చెబితే ఆయన ఆవిడతో దెబ్బలాడతారు, లేదా ఆడరు. ఆ రెండింటిలో ఏది చూడ్డానికీ నాకు ధైర్యం లేదు.

ఆయన చేతిలో వడపోత గరిటె అలాగే ఉంది. నా వైపే చూస్తున్నారు.

"అత్తయ్యా, ఇంకేదైనా అడగండి" అన్నాను.

"ఇంకోటి లేదమ్మా. నువ్వు మా కోడలివే అయితే నీకది గుర్తుంటుంది."

లాప్‌టాప్‌లో నిమిషాలు తగ్గుతున్నాయి. స్పీకర్ ఆపి ఫోన్ చెవికి పెట్టుకోవచ్చు, ఆ ఆలోచన కూడా వచ్చింది. కానీ నేను చెప్పాల్సిన మాట నా నోట్లోంచే రావాలి కదా, ఆపినా ఆయనకి వినపడుతుంది. గుర్తులేదని చెబుదామా అనుకున్నాను. చెబితే ఫోన్ పెట్టేస్తారు, ఉద్యోగం పోతుంది. ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. అన్నది ఆవిడ, పడింది నేను, ఇప్పుడు నా నోటితో మళ్ళీ అప్పజెప్పాల్సింది కూడా నేనేనా అనిపించింది.

"చెబుతున్నాను, వినండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "పిల్లల్ని కనాల్సిన వయసులో చదువులకి పోతానంటావేంటి, రేపు నా ఒళ్ళో ఏం పడుకోబెడతావు, సర్టిఫికెట్టా, అన్నారు. రెండుసార్లు కడుపు పోయిన దానివి, నీకు ఆ బాధ కూడా లేదు, అన్నారు."

స్టవ్ దగ్గర ఆయన కదల్లేదు.

"నువ్వే" అన్నారు అత్తగారు మెల్లగా. "రాసుకో."

ఒక్కో అంకె విడివిడిగా చదివారు. నేను కొట్టాను. సైటు తిరిగి తిరిగి, మీ దరఖాస్తు అందింది, సర్టిఫికెట్ పంపబడింది అని చూపించింది. ఇన్నాళ్ళ పోరాటానికి వచ్చింది ఆకుపచ్చ అక్షరాల్లో ఆ వాక్యం ఒక్కటే.

"అయిందా?" అన్నారు.

"అయింది అత్తయ్యా."

పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు.

"ఆ మాట అన్నప్పటి నుంచీ నాకూ నిద్ర సరిగా లేదమ్మా. నువ్వు వాడికి చెప్పేసుంటావు, వాడు నన్ను అడుగుతాడు, అప్పుడు ఒప్పుకుందాంలే అని చూశాను. వాడు ఎప్పుడూ అడగలేదు. నువ్వు చెప్పలేదా?"

నేను మా ఆయన వైపు చూశాను. నేను లేదని అనేలోపే ఆయన బల్ల దగ్గరికి వచ్చారు. టీ గిన్నె పక్కన పెట్టి, ఫోన్ మీదికి వంగారు.

"ఇప్పుడే విన్నానమ్మా" అన్నారు.

నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే ఆవిడ మీద జాలి కూడా వేసింది, ఆ జాలి నాకే నచ్చలేదు. ఏదైనా అంటే బాగుండు, ఏడ్చినా బాగుండు అనుకున్నాను. ఆయన బల్ల మీద నా చేతి మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. షిఫ్టుకి ఆలస్యమవుతోందని ఇద్దరికీ తెలుసు.

చివరికి అత్తగారే అందుకున్నారు.

"అయితే ఆ ప్రశ్న ఇంక పనికిరాదు" అన్నారు. "వాడికి కూడా తెలిసిపోయింది కదా. మళ్ళీసారికి ఇంకోటి కావాలమ్మా. మనిద్దరం ఏదైనా మంచి మాట మాట్లాడుకుందాం. అది పెట్టుకుందాం."