ఉద్ధరిణెడు నూనె

ఒక ఉద్ధరిణెడు నూనె ఇన్నేళ్లుగా నా మీద బరువుగా ఉంది. ఉద్ధరిణె అంటే ఎంత? తీర్థమిచ్చే చెంచా. అంత చిన్నదాన్ని ఇక మోయలేక ఇది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది మదరాసు రాయపురంలో మూడు తరాలు నువ్వుల నూనె గానుగలు ఆడించిన ఇల్లు. మా తాత మాట ఇచ్చాక ఎవరూ కాగితం అడిగేవారు కాదు. నా వంతు వచ్చేసరికి గానుగలు పోయాయి, ఇల్లు పోయింది. మాట తప్పరన్న పేరొక్కటే మిగిలింది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి మా బంధువులు కొందరు మదరాసు వదిలి వెళ్లిన రోజుల్లో, నేను తిరువొత్తియూరులో ఒక మందుల కర్మాగారంలో సూపర్‌వైజరుగా చేరాను. ఎవరినీ బతిమాలి చేరలేదు. అది చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

కడిగిన సీసాలను ఆరబెట్టడానికి అక్కడొక కంప్రెసరు ఉండేది. మామూలు కంప్రెసరులో పిస్టను సిలిండరు గోడకు ఒరుసుకోకుండా నూనె కాపాడుతుంది. ఆ నూనె కొంత గాలిలో కలుస్తుంది. మందు సీసాలోకి అది పోకూడదు. అందుకని దీని పిస్టనుకు ఇనుప రింగులు కాక కార్బన్ రింగులు వేశారు. అవి ఆడేకొద్దీ కొద్దికొద్దిగా అరిగి గోడకు సన్నని నల్లపొర పూస్తాయి, ఆ పొర మీదే జారుతాయి. కింద తిరిగే భాగాలకు నూనె ఉంటుంది గాని, మధ్యనున్న పొడవాటి కడ్డీని తుడిచే రింగులు దాన్ని పైకి రానివ్వవు. పక్కనే ఉన్న వాక్యూమ్ పంపులోనూ అవే కార్బన్ రింగులు. కాకపోతే అది గాలిని నెట్టదు, సీసాలోంచి లాగేస్తుంది. ఆ ఖాళీలోకి మందు తానే వచ్చి నిండుతుంది.

ఇదంతా నాకు నేర్పింది మెకానిక్ మునుసామి. నేను సగమే విన్నాను. నేర్పేవాడు నాకంటే కింది ఉద్యోగి కదా.

కొత్త రింగులు వేసిన వారం కంప్రెసరు కీచుమని అరిచింది. రింగులు గోడకు ఒదిగితే సర్దుకుంటుందన్నాడు మునుసామి. ఎండిన ఇనుము అశుభం అన్నాను నేను.

"మీ ఇంట్లో బిడ్డేడ్చినా నూనే, మిషనేడ్చినా నూనేనా సామీ?" అన్నాడు. అందరూ నవ్వారు.

మా గానుగల దగ్గర శుక్రవారం పొద్దున ఇనుముకు నువ్వుల నూనె చూపించందే పని మొదలయ్యేది కాదు. ఆ శుక్రవారం నేను ముందుగా వెళ్లి, మా పూజగదిలోని ఉద్ధరిణెతో కంప్రెసరు గాలి పీల్చే నోట్లో నూనె పోశాను. అరుపు ఆగిపోయింది. ఎంత గర్వపడ్డానో! యంత్రాన్ని ముట్టుకున్నవాళ్లు పక్కనున్న పలక మీద పేరు రాయాలి. నేను రాయలేదు. అంతకుముందు రోజు వాల్వు తుడిచిన మునుసామి పేరే దాని మీద ఉంది.

సోమవారానికి కార్బన్ పొడీ నూనే కలిసి జిగురై రింగులు పట్టేశాయి. వాల్వు మీద నూనె మాడి నల్లగా పెచ్చు కట్టింది. ఆరబెట్టిన సీసాలన్నీ మాడు వాసన.

"పలక మీద నీ పేరే ఉంది గదప్పా," అన్నాడు యజమాని.

"వాల్వు తుడిచినాను గాని నూనె పోయలేదయ్యా. వాసన చూడండి. మిషన్ నూనె గాదిది, నువ్వుల నూనె," అన్నాడు మునుసామి. అని నావైపు చూశాడు.

యజమాని కూడా నావైపే తిరిగాడు. "మీ ఇంటోళ్లు అబద్ధమాడరు. మీరేం చెప్తే అదే."

"నేను ముట్టుకోలేదు," అన్నాను.

మునుసామి చేతులు తుడుచుకున్నాడు. "మీ తాత గానుగ నూనె మంచిది సామీ. కల్తీ అనేది ఈడే చూస్తా ఉండా." ఆ పూటే అతని పని పోయింది.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? లేదు. అతని ముందు, నవ్విన వాళ్ల ముందు, తెలియక చేశాననడానికి నా మెడ వంగలేదు. మూడు తరాలు నిజం చెప్పి సంపాదించిన నమ్మకాన్ని, ఆ నమ్మకం ఉంది కాబట్టే ఎవరూ పట్టుకోలేని ఒక్క అబద్ధానికి వాడుకున్నాను. మిషను పాడుచేసినవాడన్న పేరు పడ్డాక మునుసామిని ఏ కర్మాగారమూ దగ్గరికి రానివ్వలేదు. కొన్నాళ్లకు రాయపురం రేవులో చేపల గంపలు మోస్తూ కనిపించాడు. నేను పక్క వీధిలోకి తిరిగాను.

ఆ తరువాత ఆ కంప్రెసరును నాకంటే బాగా ఎరిగినవాడు అక్కడ లేడు. గర్వంగానే చెబుతున్నాను. రోజూ తెల్లగుడ్డతో వాల్వు తుడిచి చూసేవాణ్ణి. నేనున్నన్నాళ్లూ దానిలోకి ఒక్క చుక్క నూనె చేరలేదు. మెచ్చుకున్న ప్రతివాడి మెప్పూ తీసుకున్నాను. అందులో మునుసామి వంతు ఎంతో ఎవరికీ చెప్పలేదు.

క్షమించమని అడగను. అడగవలసింది మిమ్మల్ని కాదు. నూనె పోసింది నేను. ఆ మాట రాసేశాక, ఎన్నడూ వంచని ఈ వీపుకు కొంచెం తెరిపిగా ఉంది. ఇక ఆ పలక మీద రాయవలసిన నా పేరు ఒకటి మిగిలింది. దాన్ని ఇక్కడైనా రాద్దామనే కూర్చున్నాను. మా తాత పేరుతో మొదలవుతుంది అది. రాయలేకపోతున్నాను.